పలక పట్టిన దీవి

బానిసకు చదువు చెబితే జైలు, లేదంటే కొరడా దెబ్బలు. అలాంటి చట్టం ఉన్న నేల మీద 1862లో ఒక బడి మొదలైంది. ఆ బడి పంతులమ్మ లారా టౌన్ ఇరవై రెండేళ్లపాటు ఇంటికి రాసిన ఉత్తరాలు, దాచుకున్న డైరీలు బానిసత్వం పోయిన మర్నాటి కథ చెబుతాయి. ఆ కథను ఆమె రాసింది కానీ, నడిపింది ఆమె విద్యార్థులే.

అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో గుంటూరు సీమ పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. కాకినాడ రేవులో బేళ్లు ఓడలకెక్కాయి. ఉత్తరాది నౌకాదళం దక్షిణ రాష్ట్రాల రేవులను దిగ్బంధించడంతో ఇంగ్లండ్ మిల్లులకు అమెరికా పత్తి కరవైంది. మన రైతు చేతికి నాలుగు రూకలు ఎక్కువ రావడానికి కారణం అదీ.

ఆ అమెరికా పత్తి పండిన చోట మాత్రం జరిగింది వేరు. దక్షిణ కరొలినా తీరంలో వరసగా ఉండే దీవులను సీ ఐలాండ్స్ అంటారు. పొడవు పింజ పత్తికి అవి పేరుమోసిన నేలలు. 1861 నవంబరు 7న ఉత్తరాది యుద్ధనౌకలు అక్కడి పోర్ట్ రాయల్ కోటల మీద ఫిరంగులు పేల్చాయి. సాయంత్రానికల్లా దొరలు ఇళ్లూ వాకిళ్లూ వదిలి పారిపోవడం మొదలుపెట్టారు. బానిసలను వెంట తీసుకుపోవాలని చూశారు గానీ చాలామంది కదల్లేదు. పొలాల్లోనో, చిత్తడి నేలల్లోనో నక్కి, దొరలు వెళ్లాక బయటికొచ్చారు. సుమారు 200 ఎస్టేట్లు, దాదాపు పది వేలమంది మనుషులు మిగిలారు. తరతరాలు గుర్తుపెట్టుకున్న ఆ దినాన్ని అక్కడివాళ్లు పెద్ద ఫిరంగుల రోజు అని పిలుచుకున్నారు.

దొరలు పోయారు, బానిసత్వం మాత్రం కాగితం మీద అలాగే ఉంది. ప్రభుత్వం దృష్టిలో వీళ్లు బానిసలూ కారు, పౌరులూ కారు. శత్రువు దగ్గర యుద్ధంలో చిక్కిన సరుకు లెక్కన జమకట్టారు. వీళ్లకు తిండి, బట్ట, వైద్యం, చదువు అందించడానికి ఉత్తరాది నగరాల్లో సంఘాలు ఏర్పడ్డాయి. 1862 మార్చిలో యాభై మందికి పైగా మొదటి బృందం న్యూయార్క్‌లో ఓడెక్కింది. మరుసటి నెల ఆ దారినే ఫిలడెల్ఫియా సంఘం తరఫున లారా మటిల్డా టౌన్ వచ్చింది. వయసు 36. పెళ్లి చేసుకోలేదు. హోమియోపతి చదివింది. బానిసత్వం రద్దు కావాలని నోరు విప్పి చెప్పేవాళ్ల మధ్య పెరిగింది.

ఆమె అడుగుపెట్టిన సెయింట్ హెలీనా దీవిలోనే 1901లో కన్ను మూసింది.

చట్టం పుస్తకంలో చదువు

సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ చదివినవారికి కిజ్జీ గుర్తుంటుంది. కుంటా కింటే కూతురు. దొంగచాటుగా నేర్చుకున్న నాలుగు అక్షరాలతో, పారిపోవాలనుకున్న ప్రియుడికి ప్రయాణపు చీటీ రాసిస్తుంది. అది బయటపడి, తల్లిదండ్రుల కళ్లెదుటే ఆమెను అమ్మేస్తారు. నవలలోని ఆ భయానికి దక్షిణ కరొలినాలో చట్టం అండ ఉండేది.

బానిసలకు రాయడం నేర్పకూడదని 1740లోనే అక్కడ నిషేధం పెట్టారు. 1834 చట్టం చదవడాన్ని కూడా అందులో చేర్చింది. నేర్పినవారు తెల్లవారైతే వంద డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. స్వేచ్ఛ ఉన్న నల్లవారైతే యాభై దాకా కొరడా దెబ్బలు, పైగా జరిమానా. బానిసే మరో బానిసకు నేర్పితే యాభై దెబ్బల దాకా. దొరల భయానికి కారణం లేకపోలేదు. చదవగలిగినవాడు పత్రిక చదువుతాడు. రాయగలిగినవాడు తన చీటీ తానే రాసుకుని ఎస్టేటు దాటుతాడు.

లారా వచ్చేనాటికి ఆ చట్టం కింద పుట్టి పెరిగినవాళ్లే దీవి నిండా ఉన్నారు. అందుకే అక్కడ పలక చేతికివ్వడమంటే వట్టి ధర్మకార్యం కాదు. నిన్నటిదాకా వీపు చిట్లగొట్టిన నేరాన్ని ఇవాళ పట్టపగలు, పదిమంది మధ్య చేయడం.

ముందు మందులు, తర్వాత పలకలు

మొదటి ఉత్తరాల్లో బడి కనబడదు. లారాకు తొలుత అప్పగించిన పని ఇంటి అజమాయిషీ, బట్టల పంపిణీ. ‘ది ఓక్స్’ అనే ఎస్టేటులో, పారిపోయిన పోప్ అనే దొర ఇంట్లో మకాం. ఉత్తరాది నుంచి వచ్చిన పెట్టెలు విప్పడం, బట్టలు లెక్కపెట్టడం, తక్కువ ధరకు అమ్మడం, పద్దు రాయడం. మందుల పెట్టె తెచ్చుకుంది కనుక వైద్యం కూడా ఆమె నెత్తినే పడింది. ఎస్టేటు నుంచి ఎస్టేటుకు బండి మీద తిరిగి జ్వరాలు చూసింది, మశూచి టీకాలు వేసింది.

ఇంటికి రాసే ఉత్తరం కదా, ఇందులో ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు. దోమలు, ఉక్కపోత, స్టీమర్ ఆలస్యం, తోటివారి మీద చిరాకు అన్నీ కలగలిసి ఉంటాయి. సంఘానికి పంపే నివేదికలో చోటు దొరకని సంగతులు ఇంట్లోవాళ్లకు రాసిన పేజీల్లోకి చేరాయి. చరిత్రకారులకు ఇవి విలువైనవి కావడానికి ఒక కారణం అదే.

1862 మే 12 నాటి ఘటన అలాంటిది. జనరల్ డేవిడ్ హంటర్ నల్లవారి పటాలం కట్టాలనుకున్నాడు. అడిగి చేర్చుకోకుండా సైనికులను పొలాల్లోకి పంపి, వయసులో ఉన్న మగవాళ్లను పట్టి తెప్పించాడు. మగవాళ్లను వరసగా నడిపించుకుపోవడం చూసి ఆడవాళ్లు గొల్లుమన్నారు. వాళ్లకు తెలిసినంతలో అలా పట్టుకుపోవడమంటే అమ్మకానికి పెట్టడమే. మేం మీ విమోచకులమని చెప్పుకునేవాళ్ల చేతుల్లోనే ఇది జరుగుతుంటే చూస్తూ నిలబడ్డ సిగ్గు, కోపం లారా రాతల్లో దాగలేదు.

జూన్‌లో ఆమె స్నేహితురాలు ఎలెన్ మరే దీవికి చేరింది. ఆ నెల 18న ఓక్స్ ఇంటి వెనక గదిలో బడి మొదలైంది. మొదటి విద్యార్థులు తొమ్మిది మంది, అందరూ పెద్దవాళ్లే. పిల్లలకంటే ముందు పలక పట్టింది పొలం పని చేసొచ్చిన చేతులు.

ఇటుక గుడిలో

కొద్ది నెలలకే గది చాల్లేదు. బడి బ్రిక్ చర్చికి మారింది. దొరల కోసం బానిసలే ఇటుక మీద ఇటుక పేర్చి 1855లో కట్టిన బాప్టిస్టు గుడి అది. కట్టినవాళ్లకు అందులో పై అంతస్తు వసారాలోనే చోటుండేది. దొరలు పారిపోయాక కింది బల్లల మీదికి వచ్చి కూర్చున్నారు. వారం రోజులూ బడి, ఆదివారం ప్రార్థన.

ఒకే హాలు, అడ్డుగోడల్లేవు. ఒక మూల అక్షరాలు, మరో మూల ఎక్కాలు, ఇంకో మూల వాచకం, అన్నీ ఒకేసారి. ఎవరి పాఠం వాళ్లకు వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. అమ్మలు పొలంలో ఉంటే పదేళ్ల ఆడపిల్లలు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చంకనేసుకుని బడికొచ్చేవారు. పత్తి పనుల రోజుల్లో హాజరు పలచబడేది, పని ముగిసిన రోజున గుడి నిండిపోయేది.

1862 అక్టోబరు చివర ఈ బడికి షార్లెట్ ఫోర్టెన్ వచ్చింది. పాతికేళ్ల నల్లజాతి యువతి. ఫిలడెల్ఫియాలో తెరచాపల తయారీతో సంపన్నుడైన జేమ్స్ ఫోర్టెన్ మనవరాలు. ఉత్తరాదిలో చదువుకుని, సేలంలో తెల్లపిల్లలకు పాఠాలు చెప్పిన టీచరు. తమ రంగు మనిషే కదా, దీవివాళ్లు చేతులు చాచి పిలుచుకుని ఉంటారని అనుకుంటాం. అలా జరగలేదు. ఇంట్లో పనిచేసే ఆడవాళ్లు ఈ గోధుమరంగు పిల్ల ఎవరంటూ గుసగుసలాడారని, ఆమె గది సర్దడానికి మొదట ఒప్పుకోలేదని లారా ఇంటికి రాసింది. నల్లమనిషికి నల్లమనిషి సేవ చేయడం వాళ్లు ఎరగరు. ఆ మొహమాటాన్ని కరిగించింది పియానో. షార్లెట్ వేళ్లు మెట్ల మీద ఆడటం విన్నాక అందరికీ ఆమె మీద గౌరవం కలిగిందట, ఆపైన ప్రేమ కూడా.

షార్లెట్ పిల్లలకు అక్షరాలతో ఆగలేదు. హైతీలో బానిసల తిరుగుబాటుకు సారథి టూసాన్ లూవెర్త్యూర్ కథ చెప్పింది. మీ రంగు మనిషి మీవాళ్ల కోసం ఏం చేశాడో తెలుసుకోవాలని ఆమె పట్టు. తన స్నేహితుడైన కవి విటియర్‌ను అడిగి, 1862 క్రిస్మస్‌కు పిల్లలు పాడుకోవడానికి పాట రాయించింది. సాయంత్రాలు హ్యారీ అనే ఎస్టేటు మేస్త్రికి చదువు చెప్పేది. ఆమె వ్యాసాలు 1864 మే, జూన్ నెలల్లో ‘అట్లాంటిక్ మంత్లీ’లో అచ్చయ్యాయి. ఆరోగ్యం సహకరించక ఆ మే నెలలోనే దీవి వదిలింది. ఒకే బడిని లారా ఉత్తరాల్లో ఒకసారి, షార్లెట్ రాతల్లో మరోసారి చూడటం మనకు దక్కిన అదృష్టం. ఒకరు బయటి నుంచి వచ్చి దీవిలో కలిసిపోయిన మనిషి. మరొకరు తనవాళ్ల మధ్యకే వచ్చి, అక్కడా పరాయితనం రుచి చూసిన మనిషి.

1863 జనవరి 1న ఇద్దరూ పోర్ట్ రాయల్ దగ్గర క్యాంప్ సాక్స్టన్‌లో ఉన్నారు. ఓక్ చెట్ల కింద వేల జనం. బానిసలకు విముక్తి ప్రకటిస్తూ లింకన్ ఇచ్చిన ఉత్తర్వు చదివారు. నల్లవారి పటాలం అధిపతి హిగిన్సన్ జెండా అందుకుని మాట్లాడబోతుంటే, కార్యక్రమంలో లేని పాట ఒకటి జనంలోంచి లేచింది. ముందు ఒక ముసలాయన వణుకు గొంతు, ఆ వెంటనే ఇద్దరు ఆడవాళ్లు, తర్వాత అందరూ. దేశాన్ని నాది అని పాడే పాట అది. వేదిక మీది తెల్లవాళ్లలో కొందరు గొంతు కలపబోతే హిగిన్సన్ వారించాడు. ఆ పాట పాడే హక్కు మొదట ఎవరిదో ఆయన గ్రహించాడు.

పంతులమ్మకు అందనివి

లారాను దేవతను చేస్తే ఈ ఉత్తరాలకు అన్యాయం చేసినట్టే. ఆమె కాలపు అహం ఆమెకూ ఉంది. రాత్రిపూట ప్రార్థన ముగిశాక దీవివాళ్లు గుండ్రంగా తిరుగుతూ, చప్పట్లతో, పాదాల తాళంతో పాడే ‘రింగ్ షౌట్’ చూసి మొదట్లో ఆమె బెదిరింది. పాత విగ్రహారాధన ఆనవాలు కాబోలునని రాసింది. అదే పాటలను మరికొందరు ఉత్తరాదివాళ్లు శ్రద్ధగా విని రాసుకున్నారు. 1867లో వచ్చిన ‘స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ సంకలనంలో చాలా పాటలు ఈ దీవులవే. నల్లవారి పాటలకు స్వరాలతో సహా పుస్తకరూపం ఇచ్చిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

భాష సంగతీ అంతే. దీవివాళ్లు మాట్లాడే గల్లాను టీచర్లు విరిగిన ఇంగ్లీషుగానే చూశారు. దిద్దడమే తమ పని అనుకున్నారు. నల్లజాతి భాషావేత్త లొరెంజో డౌ టర్నర్ దశాబ్దాల తర్వాత ఈ తీరమంతా తిరిగి, గల్లాలో పశ్చిమాఫ్రికా భాషల మాటలు, పేర్లు, నుడికారం ఎంతగా నిలిచాయో 1949లో పుస్తకంగా నిరూపించాడు. బడి తప్పుగా లెక్కకట్టిన మాటల్లో ఒక ఖండం జ్ఞాపకం దాగి ఉంది.

పాఠ్యాంశాల విషయంలో మాత్రం లారా అభిప్రాయం చాలామంది దాతల కంటే ముందుంది. వీళ్లకు చేతిపని చాలు, ఎక్కువ చదువెందుకు అనే మాట అప్పట్లో బాగా వినబడేది. బోస్టన్ పిల్లలు ఏం చదువుతారో సెయింట్ హెలీనా పిల్లలూ అదే చదవాలని ఆమె పట్టుబట్టింది. చదవడం, రాయడం, లెక్కలు, భూగోళం. తర్వాత టీచర్ల శిక్షణ కూడా మొదలైంది. ఆ దీవుల్లోని చిన్న బడులకు పాఠాలు చెప్పడానికి ఇక్కడ చదివినవాళ్లే వెళ్లారు.

కూలి, భూమి, ఒక అర్జీ

ఉత్తరాల్లో తరగతి గదికి ఎంత చోటుందో డబ్బుకీ అంత ఉంది. దొరల పత్తిని పండించి అమ్మితే యుద్ధం ఖర్చు కొంత గట్టెక్కుతుందని ప్రభుత్వం ఆశ. దీవివాళ్లేమో మొక్కజొన్న, చిలగడదుంప వేసుకోవాలని చూశారు. పత్తి అంటే వాళ్లకు కొరడా గుర్తొస్తుంది, మొక్కజొన్న అంటే కడుపు నిండుతుంది. పైగా పత్తి పనికి ఇస్తామన్న కూలి నెలల తరబడి చేతికి రాలేదు. స్వేచ్ఛ వస్తే ఏం చేయాలో వీళ్లకు తెలియదని వాదించినవాళ్లకు, కూలి ఇవ్వని పని చేయకపోవడమే మొదటి జవాబు అయింది.

1863 మార్చిలో దొరల భూములను పన్ను బకాయిల కింద వేలం వేశారు. పదహారు వేల ఎకరాలకు పైగా అమ్ముడైతే, నల్ల కుటుంబాలు చందాలేసుకుని సుమారు రెండు వేల ఎకరాలు కొన్నాయి. పెద్ద వాటా ఎడ్వర్డ్ ఫిల్‌బ్రిక్ అనే బోస్టన్ వ్యాపారి చేతికి పోయింది. ఎకరం డాలరుకు అటూఇటూ. ఆ భూమిని కొన్నాళ్లకు తమకే అమ్ముతాడని పనివాళ్లు నమ్మారు. అమ్మే వేళకు ఎకరం అయిదు డాలర్లన్నాడు. 1864లో సెయింట్ హెలీనా మనుషులు ఏకంగా అధ్యక్షుడు లింకన్‌కే అర్జీ పంపారు.

లారా ఇంటికి ఉత్తరాలు రాయగలిగింది, ఎందుకంటే ఆమెకు చదువుంది, చిరునామా ఉంది, అవతల చదివేవాళ్లున్నారు. ఆమె విద్యార్థులకు ఈ మూడూ లేకుండా చేశారు. తల్లి ఒక రాష్ట్రానికి, బిడ్డ మరో రాష్ట్రానికి అమ్ముడుపోయిన కుటుంబాలవి. పటాలంలో ఉన్న భర్తకు కబురంపాలన్నా, కూలి చీటీలో ఎంత రాశారో చూసుకోవాలన్నా, భూమి దస్తావేజు మీద సంతకం పెట్టాలన్నా, పైవాళ్లకు అర్జీ పెట్టుకోవాలన్నా అక్షరమే దారి. యాభై ఏళ్లు దాటినవాళ్లు పిల్లల పక్కన కూర్చుని ఓనమాలు దిద్దడానికి పంతులమ్మ ప్రోత్సాహం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఏం పనికొస్తుందో వాళ్లకు ఆమెకన్నా బాగా తెలుసు.

బడికి సొంత నేల కూడా ఆ దీవి మనిషి నుంచే వచ్చింది. ఒకప్పుడు బానిసగా ఉన్న హేస్టింగ్స్ గాంట్ దగ్గర స్థలం కొన్నారు. ఫిలడెల్ఫియాలో ముక్కలుగా తయారుచేసిన బడి భవనాన్ని ఓడలో తెచ్చి ఆ స్థలంలో నిలబెట్టారు. పెన్సిల్వేనియా దాతల గుర్తుగా పెన్ స్కూల్ అన్న పేరు నిలిచింది. గాంట్ తర్వాతి కాలంలో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు.

1865 ఏప్రిల్‌లో లింకన్ హత్య వార్త చేరినప్పుడు దీవివాళ్లు నమ్మడానికి ఒప్పుకోలేదని లారా రాసింది. నమ్మక తప్పని రోజున ఆ చావును క్రీస్తు మరణంతో పోల్చుకుని ఏడ్చారు. అధ్యక్షుడు పోయాడు కనుక మళ్లీ దొరలు వస్తారేమోనన్న భయం ఆ ఏడుపులో కలిసి ఉంది. ఆ భయం ఉత్తది కాదని తర్వాతి ఉత్తరాలు చూపిస్తాయి.

బట్టల లెక్క నుంచి ఓట్ల లెక్కకు

యుద్ధం ముగిశాక వచ్చినవాళ్లలో ఎక్కువమంది తిరుగుప్రయాణమయ్యారు. లారా, ఎలెన్ ఫ్రాగ్‌మోర్ అనే ఎస్టేటులో ఇల్లు తీసుకుని స్థిరపడ్డారు. ఇక్కడి నుంచి ఉత్తరాల గొంతు మారుతుంది. మొదట్లో పెట్టెల్లో ఎన్ని చొక్కాలొచ్చాయో రాసిన మనిషి ఇప్పుడు ఎన్నికలు, పన్నులు, శాసనసభ తీర్మానాలు రాస్తోంది.

1868 రాజ్యాంగ సభలో దక్షిణ కరొలినా తొలిసారి అందరికీ ఉచిత ప్రభుత్వ బడులను ఒప్పుకుంది. అందుకోసం గట్టిగా నిలబడినవారిలో రాబర్ట్ స్మాల్స్ ఒకడు. 1862 మే 13 తెల్లవారుజామున చార్ల్‌స్టన్ రేవు నుంచి దక్షిణాది సైన్యం ఓడ ‘ప్లాంటర్’ను, అందులో తన కుటుంబాన్నీ తోటివాళ్లనూ ఎక్కించుకుని నడిపించుకుంటూ వచ్చి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించిన బానిస అతను. పెద్దయ్యాకే చదువు నేర్చుకున్నాడు. అమెరికా కాంగ్రెస్‌కు అయిదుసార్లు వెళ్లాడు.

1876 ఎన్నికల నాటికి గాలి తిరిగింది. ఎర్ర చొక్కాలు తొడుక్కుని, తుపాకులతో గుర్రాలెక్కిన తెల్ల మూకలు నల్ల ఓటర్లను బెదిరించాయి. 1877లో మిగిలిన కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుంది. 1878లో గిల్లిసన్‌విల్ సభకు వెళ్లిన స్మాల్స్‌ను వందల మంది ఎర్ర చొక్కాలు చుట్టుముట్టారు. అతను తనవాళ్లతో ఒక దుకాణంలోకి దూరి తలుపులు బిగించుకున్నాడు. బయట నుంచి కాల్పులు. సంగతి తెలిసి చుట్టుపక్కల పల్లెల నుంచి నల్లవాళ్లు చేతికందింది పట్టుకుని పరుగున వస్తుంటే మూక వెనక్కి తగ్గింది. ఈ వృత్తాంతాన్ని లారా ఆ నవంబరులోనే ఇంటికి పూసగుచ్చినట్టు రాసింది. పత్రికలు ఒకలా, బాధితులు మరోలా చెప్పే కాలంలో ఆమె ఉత్తరం ఒక సాక్ష్యమైంది.

తుపాకీ కంటే నెమ్మదైన దెబ్బ ఇంకొకటి. సెయింట్ హెలీనా వాళ్లు తమ బడుల కోసం తమ మీద తామే అదనపు పన్ను వేసుకునేవారు. ప్రభుత్వం ఇచ్చే కాస్త సొమ్ముకు అది తోడై బడి ఎక్కువ నెలలు నడిచేది. కొత్త శాసనసభ ఆ స్వచ్ఛంద పన్నుకు అడ్డం పడింది. బయటి నుంచి ఇవ్వమని అడగలేదు, మా డబ్బు మేం వేసుకుంటామన్నారు, అదీ వద్దన్నారు. లారా ఉత్తరాల్లో ఇంతకు మించిన కోపం అరుదు. ఆపైన పెన్ స్కూల్ ఫిలడెల్ఫియా దాతల సాయంతో, ఆమె కుటుంబం డబ్బుతో నెట్టుకొచ్చింది.

పుణే నుంచి ఒక అంకితం

ఇంచుమించు ఇదే కాలంలో పుణేలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి మన సమాజం చదువుకు దూరంగా తరిమేసినవాళ్లకు బడులు నడిపారు. సావిత్రిబాయి కూడా ఉత్తరాలు రాసింది. 1856, 1868, 1877 సంవత్సరాల్లో భర్తకు రాసిన మూడు ఉత్తరాలు దొరుకుతున్నాయి. చివరిది కరవు రోజులది. 1873లో జోతిరావు తన ‘గులాంగిరి’ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేయడంలో త్యాగం చూపిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. తన దేశస్తులు ఆ ఆదర్శాన్ని అందుకుని, శూద్రులైన తమ సోదరులను బ్రాహ్మణ దాస్యం నుంచి విడిపించాలని కోరుకున్నాడు. పుస్తకం వెలువడిన ఆ సంవత్సరం సెయింట్ హెలీనా బడికి పదకొండేళ్లు. ఫూలే మెచ్చుకున్న ఆ గెలుపు అప్పటికే చేజారడం మొదలుపెట్టిందని ఆ దీవి ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. ఒక దేశం కాగితం మీద గెలిచింది నేల మీద నిలవాలంటే రోజూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

తుఫాను, తర్వాత రాజ్యాంగం

1893 ఆగస్టు 27 రాత్రి పెనుతుఫాను ఈ దీవులను ముంచేసింది. సుమారు రెండు వేల మంది చనిపోయారు. క్లారా బార్టన్ ఆధ్వర్యంలో రెడ్‌క్రాస్ నెలల తరబడి అక్కడే ఉండి సాయం చేసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది లారా విద్యార్థులు, వాళ్ల బిడ్డలు పుట్టి పెరిగిన సముదాయంవాళ్లే.

రెండేళ్ల తర్వాత వచ్చిన విపత్తు మనుషులు చేసింది. 1895లో దక్షిణ కరొలినా కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటు కావాలంటే రాజ్యాంగంలో ఏదో ఒక భాగం చదివి, రాసి చూపాలి. లేదంటే మూడు వందల డాలర్ల విలువైన ఆస్తి ఉండి, దానికి పన్ను కట్టి ఉండాలి. చదివించి చూసే అధికారి తెల్లవాడు, ఎవరు నెగ్గారో తేల్చేదీ అతనే. అరవై ఒక్క ఏళ్ల కిందట బానిసకు చదవడం నేర్పితే నేరమన్న రాష్ట్రమే ఇప్పుడు చదవకపోతే నేరమంది. రెండు చట్టాల వెనకా ఉద్దేశం ఒక్కటే. ఆ సభలో ఉన్న కొద్దిమంది నల్ల సభ్యుల్లో స్మాల్స్ ఉన్నాడు. లేచి ఎదిరించాడు. ఓడిపోయాడు.

దీన్ని చూశాక కూడా లారా బడి మూయలేదు. 1901 ఫిబ్రవరి 22న ఫ్రాగ్‌మోర్‌లో చనిపోయింది. శవపేటికను కంచరగాడిద బండి మీద రేవుకు తీసుకెళ్తుంటే వందల మంది దీవివాళ్లు తమ పాటలు పాడుతూ వెంట నడిచారు. ఒకప్పుడు ఆమె బెదిరిన గొంతులే అవి.

బడి తర్వాతి బడి

ఆమె పోయాక పెన్ స్కూల్ దారి మారింది. హాంప్టన్ విద్యాసంస్థ నుంచి వచ్చిన రోసా కూలీ, గ్రేస్ హౌస్ చేతిపనులు, వ్యవసాయం ముందుకు తెచ్చారు. లారా నిలబెట్టిన పుస్తక చదువు వెనక్కి జరిగింది. ఏది మేలన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 1948లో బడిగా ముగిసి, పెన్ సెంటర్‌గా మారింది. దక్షిణాదిలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే కప్పు కింద బస చేయగల చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న 1960లలో మార్టిన్ లూథర్ కింగ్ తన సహచరులతో ఇక్కడే సమావేశాలు జరిపాడు. 1974లో ఇది జాతీయ చారిత్రక స్థలమైంది. బానిసత్వం పోయిన తర్వాతి కాలానికి గుర్తుగా 2017లో ఒబామా పదవి దిగేముందు ప్రకటించిన జాతీయ స్మారకంలో ఇక్కడి డారా హాల్, బ్రిక్ చర్చి చేరాయి. 2019లో దానికి జాతీయ చారిత్రక పార్కు హోదా దక్కింది.

లారా ఉత్తరాలు, డైరీ 1912లో రూపర్ట్ సార్జెంట్ హాలండ్ సంపాదకత్వంలో పుస్తకమయ్యాయి. 1862 నుంచి 1884 దాకా ఉన్నాయి. ఈ దీవుల కథను 1964లో ‘రిహార్సల్ ఫర్ రీకన్‌స్ట్రక్షన్’గా రాసిన విల్లీ లీ రోజ్ మొదలు ఇప్పటి పరిశోధకుల దాకా ఆ పేజీలు తిరగేయని వారు లేరు.

దాత కథగా చదివితే ఈ పుస్తకంలో మంచి మనసున్న ఒక పంతులమ్మ మిగులుతుంది. అదీ నిజమే, కానీ చిన్న నిజం. బడి కట్టిన స్థలం ఎవరిది, వేసుకున్న పన్ను ఎవరిది, దాన్ని ఆపిందెవరు, చదువుకున్నవాడి ఓటును చదువు పేరుతోనే లాక్కున్నదెవరు అన్న ప్రశ్నలతో చదివితే మొత్తం దీవి లేచి నిలబడుతుంది. తొమ్మిది మంది కూలీలు ఒక వెనక గదిలో పలక పట్టారు. వాళ్ల పిల్లలు, ఆ తర్వాతి తరాలవాళ్లు టీచర్లయ్యారు, భూములు కొన్నారు, ఓటేశారు, ఓటు పోగొట్టుకున్నారు, మళ్లీ సాధించుకోవడానికి కింగ్‌కు తమ బడి తలుపులు తెరిచారు. బడి అనేది ఎవరో పెట్టే భిక్ష కాదు, ఊరు పోరాడి కాపాడుకునే ఆస్తి అని నూట అరవై ఏళ్ల కిందటే వాళ్లకు తెలుసు. ఊరి బడి మూతపడుతున్నా పట్టించుకోని కాలంలో ఈ ఉత్తరాలు చదవాల్సిన కారణం అదే.